తవుడిచ్చి కొన్న పేరు

మొన్న ఆదివారం పొద్దున్నే ఎవరో తలుపు కొడితే వెళ్ళి తీశాను. చంకలో నెలల బిడ్డ, రెండో చేతిలో గుడ్డసంచి, సంచిలోంచి చేపల వాసన. నెల్లూరు టౌనులో మా ఇంటికి చేపలు తెచ్చిచ్చే మనుషులు ఒక్కచోటి నుంచే వస్తారు. విడవలూరు అవతల, సముద్రపొడ్డు పాళెం నుంచి. నా చిన్నప్పుడు మా ఊళ్ళో చేపలమ్మే అవ్వ ఒకామె ఉండేది, వచ్చింది ఆమె మనవరాలు.

"అవ్వ పోయిందక్కా," అంది చెప్పులు విడుస్తూనే. "నా కానుపుకి రోంత ముందర. నీకు కబురు చెప్పేదానికి నేనే లేవలేకపోతిని."

నేను గడప మీదే కూలబడ్డాను. ఆ పిల్ల కూడా నా పక్కనే కూర్చుంది. బిడ్డ నా గాజులు పట్టుకుని లాగుతూ ఉంది. అప్పుడు ఆ పిల్ల మెల్లగా, "అక్కా, ఇంట్లో తవుడుందా?" అని అడిగింది.

చావు కబురు చెప్పి, వెంటనే తవుడు అడిగే మనిషిని ఎక్కడైనా చూశారా? ఎందుకు అడిగిందో నాకు తెలుసు. మీకు తెలియాలంటే ముందు ఆ అవ్వ సంగతి చెప్పాలి.

ఆమె పేరు మాత్రం చెప్పను. చెబితే నా పేరూ చెప్పేసినట్టే. ఇద్దరిదీ ఒకటే పేరు. మా జిల్లా దాటితే ఆ పేరు ఎవరికీ ఉండదు, జిల్లా లోపల మాత్రం వీధికొకరు ఉంటారు. నెల్లూరు వాళ్ళు ఈపాటికి ఊహించే ఉంటారు. ఊహించి ఊరుకోండి, పైకి అనకండి. కాలేజీలోనూ, ఆ తర్వాత ఉద్యోగంలోనూ ఇంటిపేరుతో, పొడి అక్షరాలతో నెట్టుకొచ్చిన మనిషిని నేను. ఇరుగుపొరుగుకి నేను టీచరమ్మనే.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తల్లో నాకు ఊహ తెలిసింది. అప్పటికే ఆమె మా ఇంటికి ఎన్నో ఏళ్ళుగా వస్తూ ఉండేది. కాలవ గట్టు మీద, నెత్తిన గంపతో, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, చేతులు రెండూ ఊపుకుంటూ నడిచొచ్చేది. గంపను పట్టుకోగా నేను చూడలేదు. తల తిప్పి అటూ ఇటూ వాళ్ళతో మాట్లాడుతున్నా గంప కదిలేది కాదు. మిగతా చేపలవాళ్ళంతా వీధి మొదట్లోనే "చేపలో..." అని కేకేస్తారా, ఈమె అలా అరవదు. "వాసన చెప్తా ఉండాది గదా, మళ్ళా నేను చెప్పేదేంది?" అనేది. మా వాకిట్లోకి వచ్చి మాత్రం "పేరింటీ!" అని ఒక్క కేక వేసేది. ఒకే పేరున్న వాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే పిలుపు అది. అంత పెద్దావిడ నన్ను, గౌను వేసుకున్న పిల్లను, అలా సమానంగా పిలవడం నాకు భలే గర్వంగా ఉండేది. కోతలప్పుడు మా అమ్మ వడ్లు కొలిచి చేపలు తీసుకునేది, తక్కిన రోజుల్లో చిల్లర ఇచ్చేది.

గంప దింపగానే చేపల మాట ఎత్తేది కాదు. అరుగు మీద కూర్చుని, కొంగుతో మొహం తుడుచుకుని, "కొత్తగా ఎవురు కన్నారమ్మా? ఏం పేరు పెట్టినారు?" అని అడిగేది. మా అమ్మ చేట పట్టుకుని వంజరం చేప ముక్కలకి బేరం పెట్టాలని చూస్తుంటే, ఈమె పేరు తెలిసేదాకా గంప మీది గుడ్డ తీసేది కాదు.

ఆ రోజుల్లో పేర్లకి ఒక కొత్త గాలి వచ్చింది. అంతవరకూ మా ఊళ్ళో పేర్లకి ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకునేవాళ్ళు కాదు. తాత పేరు మనవడికి, అవ్వ పేరు మనవరాలికి, మొక్కు ఉంటే మొక్కిన దేవుడి పేరు, అంతే. ఒక్క ఇంట్లోనే పెద్ద రమణయ్య, నడిపి రమణయ్య, చిన్న రమణయ్య ఉండేవాళ్ళు. అలాంటి ఊళ్ళో హెడ్మాస్టరు గారికి కూతురు పుడితే శోభ అని పెట్టారు. పంచాయతీ గుమాస్తా కొడుకు రమేష్ అయ్యాడు. ఇంకేముంది, ఆ ఏడాది తిరిగేసరికి లతలు, గీతలు, ప్రభాకర్లు, సురేష్‌లు. పేర్లు నెల్లూరు నుంచి బస్సెక్కి విడవలూరు వచ్చేవి, అక్కడినుంచి నోటి మాటగా మా ఊరు వచ్చేవి. మా ఊరినుంచి సముద్రపొడ్డుకి మాత్రం ఈమె గంపలోనే వెళ్ళేవి. చేపలు దింపేసి, పేర్లు ఎత్తుకుని పోయేది.

ఊరికే ఎత్తుకుపోయేది కాదండోయ్, పరీక్ష పెట్టేది. ముందు కళ్ళు మూసుకుని ఆ పేరు రెండు మూడు మాట్లు లోపల్లోపల అనుకునేది, నోట్లో బెల్లంముక్క వేసుకున్నట్టు. తర్వాత లేచి, వాకిలి చివరికి వెళ్ళి, పొలాల వైపు తిరిగి, నోటి దగ్గర చేతులు పెట్టుకుని "రమేషూ...!" అని కేక పెట్టేది. కుక్కలు మొరిగేవి. కొట్టంలోంచి మా నాన్న కంగారుగా బయటికొచ్చి, "ఎవడే ఆ రమేషు? ఏమైంది వాడికి?" అనేవాడు.

"ఏం కాలేదయ్యా, వాడింకా పుట్టలా," అనేది ఈమె తాపీగా వచ్చి కూర్చుంటూ. "పడవ మీదుండే మొగోడికి ఒడ్డు మీదనుంచి కేకేస్తే అందాల. అందని పేరు మాకెందుకు? ఇది అందుతాది."

ఇవన్నీ మా జేజికి, అంటే నాన్న వాళ్ళమ్మకి, ఒళ్ళు మంట. జేజి పట్టుబట్టి వాళ్ళత్త పేరు నాకు పెట్టించిన మనిషి. "దేవుడి పేరు పెట్టుకుంటే బిడ్డను పిల్చినప్పుడల్లా దేవుణ్ణి తల్చుకున్నట్టు ఉంటాది. ఈ లతలేందే, తీగలేందే? సొరపాదు అని పెట్టుకోండి, కాయలన్నా కాస్తాయి," అనేది.

"సొరపాదు కేకకు అందదు పెద్దమ్మా. లత అందుతాది," అనేది ఈమె ఏమాత్రం తొణక్కుండా. ఇద్దరికీ వారానికొకసారైనా ఈ తగువు జరగాల్సిందే. తగువైపోయాక జేజే లోపలికి వెళ్ళి ఆకూ వక్కా తెచ్చి ఇచ్చేది. ఒకరి మీద ఒకరికి ఎంత ప్రేమో వాళ్ళకే తెలియదు.

నాకు మాత్రం నా పేరంటే ఏడుపొచ్చేది. ఊళ్ళో ఉయ్యాలల నిండా శోభలూ లతలూ ఉండగా, బళ్ళో పంతులుగారు నా పేరు పిలిస్తే నేను లేచి నిలబడేసరికి వెనక కిసుక్కుమనేవాళ్ళు. ఒకరోజు అలా ఏడ్చుకుంటూ వస్తే ఈమె అరుగు మీద ఉంది. దగ్గరికి లాక్కుని, చేపల చేత్తోనే నా కళ్ళు తుడిచింది. నా మొహమంతా నీచు వాసన.

"మన పేరు కేకకు బలే ఉంటాది పేరింటీ. ఇనేదానికే ఇంపుగుండదు. ఏం జేస్తాం? మనిద్దరం మోసేద్దాంలే. నా ఎనక మా ఇంట్లో ఎవురికీ ఈ పేరు పెట్టకూడదని నా కొడుకు చేత ఒట్టేయించుకోనుండా. ఈ బరువు మనతోనే పోవాల," అంది.

అప్పుడు ఆమె చెవిలో నా రహస్యం చెప్పాను. విడవలూరు ఆసుపత్రికి కొత్తగా వచ్చిన డాక్టరు గారికి ఒక కూతురు ఉండేది. రెండు జడలు, రెండు రిబ్బన్లు. ఆ అమ్మాయి పేరు సుజాత. చీటీ రాయించుకోవడానికి అమ్మతో వెళ్ళినప్పుడు విన్నాను. అప్పటినుంచి రోజూ పడుకునే ముందు నన్ను నేను సుజాతా అని పిలుచుకుని పడుకునేదాన్ని. చుట్టుపక్కల పల్లెల్లో ఇంకెవరికీ ఆ పేరు లేదు.

ఆమె కళ్ళు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు. తర్వాత లేచెళ్ళి పొలాల వైపు "సుజాతా...!" అని కేకేసింది. ఆ కేక అలా పోతూనే ఉంది. మా నాన్న బయటికి వచ్చి "ఇదెవరే?" అన్నాడు. మేమిద్దరం నోళ్ళు మూసుకున్నాం.

"ఇన్ని పేర్లు మోసినా గానీ ఇట్టాంటిది మొయ్యలా," అంది నాతో గుసగుసగా. "ఇది నేను పాళెంకి ఎత్తకపోను. ఇది నీది. దాచిపెట్టుకో." అన్న మాట నిలబెట్టుకుంది. ఎన్నో పేర్లు పంచింది గానీ ఆ పేరు ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాతే ఆమె మొహంలో నవ్వు పోయింది. ఆమెకి ఒక్కడే కొడుకు. కోడలికి మొదట మగబిడ్డ పుడితే ఈమే రమేష్ అని పెట్టింది. నెల తిరక్కుండానే జ్వరమొచ్చి పోయాడు. రెండోసారి ఆడపిల్ల. శోభ అని పెట్టింది. ఆ బిడ్డా దక్కలేదు. పాళెంలో అందరూ ఈమెనే అన్నారు. దొరబిడ్డల పేర్లు పెడితే దిష్టి తగలదా, అమ్మవారికి కోపం రాదా, కొత్త పేర్ల పిచ్చితో సొంత మనవడినీ మనవరాలినీ పోగొట్టుకుంది అన్నారు. కొడుకు తల్లితో మాట్లాడటం మానేశాడు. ఇదంతా మా అమ్మకి కోడలు చెప్పింది. ఈమె నోటితో ఏమీ చెప్పలేదు.

చెప్పలేదు సరే, అడగడం కూడా మానేసింది. వచ్చేది, గంప దింపేది, చేపలు ఇచ్చేది, వెళ్ళిపోయేది. ఎదురింట్లో మగపిల్లాడు పుడితే వాళ్ళ గుమ్మం వంక కూడా చూడలేదు. మా జేజికి ఇది ఏమాత్రం నచ్చలేదు. ఒకరోజు ఉండబట్టలేక తనే అంది: "ఎదురింటోళ్ళు సురేషని పెట్టినారంటనే."

"ఊ," అంది ఈమె, నెత్తళ్ళ చేపలు చేటలో పోస్తూ. లేచి కేకేసి చూడలేదు. ఆమె వెళ్ళాక జేజి, "పాపిష్టి లోకం, మనిషిని సగం చేసేసింది," అని చాలాసేపు గొణుక్కుంది.

కోడలు మూడోసారి కన్న సంగతి మాకు తెలియనే తెలియదు. ఒకరోజు పొద్దున గంపతో వచ్చింది. వాసన లేదు. జీవితంలో మొదటిసారి ఆమె గంపను రెండు చేతులతో పట్టుకుని నడవడం చూశాను. వెనక కోడలు, నీరసంగా, తలకి గుడ్డ కట్టుకుని ఉంది. అరుగు మీద గంప దింపి గుడ్డ తీస్తే లోపల పాతచీరల మధ్య నెల కూడా నిండని ఆడబిడ్డ.

"తల్లీ, చేటెడు తవుడు పోసి ఈ బిడ్డను కొనుక్కో," అంది మా అమ్మతో.

బిడ్డలు నిలవని ఇళ్ళలో అప్పట్లో అది మామూలే. పుట్టిన బిడ్డను ఇంకొక ఇంటివాళ్ళకి చేటెడు తవుడుకి అమ్మేస్తారు. కొన్నవాళ్ళు తవుడమ్మ అనో తవుడయ్య అనో చెవిలో పేరు చెప్పి, "మా బిడ్డను నీకిస్తున్నాం, పెంచు" అని తిరిగి చేతికిస్తారు. తమ ఇంటి బిడ్డ కాకుండా పోతే తమ ఇంటి కీడు దానికి అంటదని వాళ్ళ నమ్మకం. పశువులకి పెట్టే పొట్టు మీద ఎవరు కన్నేస్తారు, అందుకని తవుడు.

మా అమ్మ లోపలికి వెళ్ళి చేటలో తవుడు తెచ్చి కోడలి ఒళ్ళో పోసింది. బిడ్డను ఎత్తుకుంది. "తవుడమ్మ అని పిలు తల్లీ," అంది ఈమె నేల వంక చూస్తూ. లోకంలోని పేర్లన్నీ కేకేసి చూసిన మనిషి అన్న మాట అది.

అప్పుడు జేజి గుమ్మంలోంచి, "ఆగండే!" అంది. కర్ర తాటించుకుంటూ వచ్చి ఈమె ఎదురుగా నిలబడింది. "ఏమే, తవుడు ఎవరిది?"

"మీది పెద్దమ్మా."

"బిడ్డ ఎవరిది?"

"మీదే పెద్దమ్మా."

"మా బిడ్డకు పేరు చెప్పేదానికి నువ్వెవతివే? కొనుక్కున్నోళ్ళ ఇష్టం. మా ఇంటి బిడ్డకు మా ఇంటోళ్ళు పేరు పెడతారు." నా వైపు తిరిగింది. "పాపా, నీకు చెల్లెలు వచ్చింది. దానికేం పేరు ఇష్టమో చెవిలో చెప్పు."

కొత్త పేర్లంటే మండిపడే జేజి ఆ మాట అందంటే నాకు నమ్మకం కుదరలేదు. అమ్మ బిడ్డను నా ముందుకు వంచింది. నా దగ్గర ఉన్నది ఒకటే మంచి పేరు. నేను వంగేసరికి అవ్వ ఉలిక్కిపడి, ఆ పేరేమిటో ఆమెకి తెలుసు మరి, బిడ్డ చెవి మీద అరచెయ్యి కప్పేసింది.

"వద్దు పేరింటీ, వద్దు! అంత బంగారం లాంటి పేరు ఒద్దు తల్లీ. ఇది కూడా పోతే నేను బతకను. దక్కితే చాలు, ఎట్ట పిలిస్తే ఏం?" పక్కన కోడలు నోట్లో కొంగు కుక్కుకుని ఏడుస్తోంది.

"చెయ్యి తియ్యవే," అంది జేజి, ఈసారి మెత్తగా. "మా బిడ్డ అది. దానికి ఏమన్నా అయితే మాకే అవతాది. నీకు భయమెందుకు?"

కాసేపటికి ఆ చెయ్యి మెల్లగా జరిగింది. నేను ఆ బుల్లి చెవిలో "సుజాత" అని చెప్పాను. నాకోసం దాచుకున్న పేరు నా నోటితో ఇంకొకరికి ఇచ్చేశాను. ఏడుపొస్తుందనుకున్నాను గానీ, రాలేదు. బిడ్డ తుమ్మింది. జేజి, "నిజమంటా ఉంది," అంది.

ఆ రోజునుంచి అవ్వ నోట మనవరాలు అన్న మాట రాలేదు. "మీ బిడ్డకు పాలు సరిపోతా ఉండాయి." "మీ బిడ్డ బోర్లా పడింది." "ఈ చందువ చేప మీ బిడ్డ పంపింది." పేరు మాత్రం ఎత్తేది కాదు. ఆమె కాస్త ఆలస్యంగా వస్తే జేజి కాలవ గట్టు వైపు చూస్తూ కూర్చునేది, చేపలకోసమని చెప్పేది. ఆమె మొహం కనబడగానే, నవ్వుతోందా లేదా అని జేజి, అమ్మ, నేను ముగ్గురం చూసేవాళ్ళం.

ఎండాకాలం పోయింది, వానలు పోయాయి, పాళెంలో అమ్మవారు పోసి వెళ్ళిపోయింది. ఒకరోజు కాలవ గట్టు మీద కేక వినబడింది. "సుజాతా...!" అని. మేము పరుగున వాకిట్లోకొచ్చాం. ఆమె గంప కింద పెట్టి, నోటి దగ్గర చేతులు పెట్టుకుని, వెనక్కి తిరిగి పిలుస్తోంది. అల్లంత దూరంలో గట్టు మీద తల్లి చెయ్యి వదిలించుకుని తప్పటడుగులు వేస్తూ ఆ పిల్ల వస్తోంది. కేకకి అందింది. మా నాన్న కూడా బయటికి వచ్చాడు గానీ ఎవరని అడగలేదు. జేజి కళ్ళొత్తుకుని, "ఎండ," అంది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది, కానీ మా జిల్లా మనుషులు అలా పోనివ్వరు. ఇద్దరు పోయిన ఇంట్లో మూడోది నిలిచిందంటే అది ఆ పేరు మహిమేనని పాళెంలో తేల్చేశారు. తవుడు మాట అందరూ మరిచారు. సుజాత అంటే గట్టి పేరు, బిడ్డకు రోగం రాదు! ఇంక చూడండి, ఆ ఒడ్డు మీద ఎవరు ఆడపిల్లను కన్నా సుజాతే. కొన్నేళ్ళకి ఆమె మా అరుగు మీద కూర్చుని తల పట్టుకుంది.

"ఏం జెప్పేది పేరింటీ? ఒడ్డు మీద నిలబడి సుజాతా అని కేకేస్తే గంపెడు పిల్లలు పరిగెత్తుకొస్తా ఉండారు. నా మనవరాలు తప్ప అందరూ వస్తారు."

"మరి మీ సుజాతను ఎట్ట పిలస్తా ఉండారు?" అంది అమ్మ.

ఆమె కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆగదే! "పొడుగు సుజాత, నల్ల సుజాత, పడవోళ్ళ సుజాత... మాదాన్ని తవుడు సుజాత అంటారు."

జేజి ఎంత నవ్విందంటే దగ్గొచ్చి మంచినీళ్ళు తాగించాల్సి వచ్చింది. మనవరాలు అన్న మాట మళ్ళీ ఆమె నోట వచ్చిందని ఆ నవ్వులో ఎవరూ గమనించలేదు. నేను గమనించాను.

మొన్న చంకలో బిడ్డతో మా గడప మీద కూర్చున్నది ఆ తవుడు సుజాతే. తవుడు ఎందుకని నేను అడగలేదు గానీ, తనే చెప్పింది.

"అవ్వ పోయినాక పుట్టింది గదక్కా. అవ్వ పేరే పెట్టాలని నాకు ప్రాణం కొట్టుకుంటా ఉండాది. పెడదామంటే మా నాయన చేత, మా అమ్మ చేత, నా చేత, మొగుడి చేత కూడా ఒట్టేయించుకునింది ముసల్ది, ఆ పేరు మా ఇంట్లో ఎవురికీ పెట్టకూడదని." కళ్ళు తుడుచుకుని నవ్వింది. "నీ చేత ఏయించుకోలా గదా? కొనుక్కున్నోళ్ళ ఇష్టం. మీ జేజి చెప్పిన మాటే."

"ఇప్పుడందరూ స్వప్న అని పెట్టుకుంటున్నారే," అన్నాను, చేట కోసం లేస్తూ.

"మా సందులోనే ఇద్దరుండారు."

పక్కింట్లో బర్రెలు ఉన్నాయి. గోడ మీదనుంచి చేట అందించి తవుడు అడిగితే, పక్కింటావిడ టీచరమ్మకి తవుడెందుకా అని వింతగా చూసి పోసిచ్చింది. తెచ్చి సుజాత ఒళ్ళో పోశాను. బిడ్డను ఎత్తుకుని ఆ చెవిలో, ఇన్నేళ్ళూ పొడి అక్షరాల వెనక దాచుకున్న పేరు చెప్పాను. నా పేరు నా నోటితో నేను పిలవడం అదే మొదలు.

అంతటితో ఊరుకోబుద్ధి కాలేదు. బిడ్డను సుజాతకిచ్చి వీధిలోకి వచ్చాను. నోటి దగ్గర చేతులు పెట్టుకుని, సముద్రం ఎటుందో చూసుకుని, అటు తిరిగి గట్టిగా కేకేశాను. వీధి చివర కుక్కలు మొరిగాయి. నిజమే, మా పేరు కేకకు చాలా బాగుంటుంది. వినడానికీ బాగానే ఉంది, ఆమెకే తెలియలేదు.

పక్కింటావిడ గోడ మీదనుంచి తల పెట్టి, "ఏంది టీచరమ్మా, ఏమైంది? ఎవురు ఆ పేరు గల్లోళ్ళు?" అంది.

"నేను," అన్నాను. "ఇదిగో, మా బిడ్డ కూడా."